మడతపెట్టే ఫోను: అవసరమా, ఆడంబరమా?



రక్తపోటు, మధుమేహం, మోకాళ్ల నొప్పుల గురించి రాసే ఈ ముసలి వైద్యుడు ఫోన్ల గురించి రాయడం ఏమిటని మీలో కొందరు అనుకోవచ్చు. ఏడాదికి పైగా నా దగ్గర పుస్తకంలా మడతపడే ఫోను ఒకటి ఉంది. కరీంనగర్‌లో మానేరు డ్యాం కట్ట మీద ఉదయపు నడకకు వెళితే, దాన్ని చూసినవారు ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు. "సారూ, గట్ల మడతవెడితే ఇరగదా?" అని ఒకరు. "మా పిలగాడు అమెరికా నుంచి తెస్తనంటుండు, కండ్లకు మంచిదేనా?" అని మరొకరు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే ఓపిక తగ్గింది కనుక ఇక్కడ అందరికీ కలిపి చెబుతున్నాను.

ముందుగా అది నా చేతికి ఎలా వచ్చిందో చెప్పాలి. అందులో నా పొరపాటు ఒకటి ఉంది. దాన్ని దాచి ఫోను గుణగణాలు వర్ణిస్తే మీకు సగం నిజమే చెప్పినవాణ్ణవుతాను.

1977లో నేను ఉట్నూరు ఏజెన్సీలో వైద్యాధికారిగా చేరినప్పుడు మా ఆరోగ్య కేంద్రంలో ఈసీజీ యంత్రం లేదు, టెలిఫోను లేదు. గుండెనొప్పితో వచ్చిన మనిషిని నాడి పట్టి, స్టెతస్కోపు పెట్టి, ముఖంలో రంగు చూసి అంచనా వేసేవాళ్లం. జీపు దొరికితే ఆదిలాబాదు, దొరకకపోతే దైవాధీనం. ఇప్పుడు అదే ప్రాంతంలో పనిచేస్తున్న ఒక యువ వైద్యురాలు అర్ధరాత్రి ఈసీజీ తీసి, దాని ఫొటో వాట్సాప్‌లో పంపి, "సార్, ఒక్కసారి చూడండి" అంటుంది. నేను పదవీ విరమణ చేసి పదిహేనేళ్లు దాటినా నా అభిప్రాయం అడగడం ఆమె మంచితనం.

రెండేళ్ల క్రితం జనవరిలో ఒక రాత్రి అలాగే ఒక ఈసీజీ వచ్చింది. యాభై ఏళ్ల రైతు, పొట్ట పైభాగంలో మంట, చెమటలు. నేను మంచం మీద లేచి కూర్చుని, కళ్లద్దాలు వెతుక్కుని, అప్పటి నా మామూలు ఫోనులో చూశాను. పెద్దగా తేడా ఏమీ కనిపించలేదు. "ప్రస్తుతానికి నాకేమీ తోచడం లేదమ్మా, గంట ఆగి మళ్లీ తీసి చూడు" అన్నాను. ఆమె ఆగలేదు. రోగి చెమటలు చూసి, నా మాట పక్కన పెట్టి, 108 పిలిపించి ఆదిలాబాదు పెద్దాసుపత్రికి పంపింది. తెల్లవారి అదే ఫొటోను ల్యాప్‌టాప్‌లో తెరిచి చూశాను. గుండె అడుగుభాగాన్ని చూపే మూడు లీడ్లలో గీత కొద్దిగా పైకి లేచి ఉంది. అది గుండెపోటే. ఆ రైతు బతికాడు. బతికించింది ఆమె, నేను కాదు.

మిత్రులారా, ఇది కేవలం వయసు చేసిన తప్పు అని సరిపెట్టుకోలేకపోయాను. స్కేలు తీసి కొలిచాను. ఈసీజీ కాగితం మీద ఒక చిన్న గడి ఒక మిల్లీమీటరు. ఆ ఒక్క మిల్లీమీటరు ఎత్తులోనే మా రోగనిర్ణయం ఉంటుంది. ఏ4 కాగితం మీద పన్నెండు లీడ్లను ముద్రించి, దాని ఫొటోను 6.8 అంగుళాల మామూలు ఫోనులో అడ్డంగా తిప్పి చూస్తే, కాగితం వెడల్పు సుమారు 10 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. అంటే ఒక మిల్లీమీటరు గడి తెర మీద మిల్లీమీటరులో మూడో వంతు అవుతుంది. డెబ్బై దాటిన కంటికి, అదీ నిద్ర మత్తులో, అది గీతే తప్ప గడి కాదు. వేళ్లతో పెద్దది చేసుకోవచ్చు కదా అంటారు. చేసుకోవచ్చు, కానీ అప్పుడు ఒక మూలే కనిపిస్తుంది. ఒక లీడును మరొక లీడుతో పోల్చి చూడడమే ఈసీజీ చదవడం. ముక్కలుగా చూస్తే ఆ పోలిక తప్పిపోతుంది.

ఈ సంగతి డాలస్‌లో ఉన్న మా అబ్బాయితో చెప్పి బాధపడితే, వాడు దసరాకు వచ్చినప్పుడు ఈ మడత ఫోను తెచ్చి చేతిలో పెట్టాడు. లోపలి తెర 7.6 అంగుళాలు. అంకె చూస్తే పెద్ద తేడా లేనట్టే ఉంటుంది కానీ ఇది ఇంచుమించు చదరంగా ఉంటుంది. అదే ఏ4 కాగితం ఇందులో 14 సెంటీమీటర్ల పైచిలుకు వెడల్పుతో, ఇంచుమించు రెట్టింపు వైశాల్యంలో కనిపించింది. మిల్లీమీటరు గడి అర మిల్లీమీటరయింది. ఆ రాత్రి ఈసీజీని ఇందులో తెరిచి చూస్తే, లేచిన గీత నాకు కనిపించింది. ఏం వెతకాలో ముందే తెలిసి చూడడం వేరన్న సంగతి కూడా ఒప్పుకుంటాను.

కనుక దీన్ని వట్టి ఆటవస్తువు అని తీసిపారేయలేను. అయితే కొలతల కథ అక్కడితో అయిపోలేదు. సినిమా పెట్టి చూడండి. సినిమా బొమ్మ వెడల్పుగా ఉంటుంది కనుక, చదరపు తెరలో పైనా కిందా నల్లని పట్టీలు వస్తాయి. మామూలు పెద్ద ఫోను కంటే బొమ్మ వెడల్పు పెద్దగా పెరగదు. పుస్తకం పేజీ, ల్యాబ్ రిపోర్టు, ఎక్స్‌రే, దినపత్రిక పుట చదివేవారికి లాభం. సీరియళ్లు చూసేవారికి ఆ లాభం దాదాపు లేదు. ప్రకటనల్లో మాత్రం ఎక్కువగా సినిమాలే చూపిస్తారు!

ఇప్పుడు "ఇరగదా?" అన్న ప్రశ్న. పాత తెరల్లో రెండు గాజు పలకల మధ్య ద్రవ స్ఫటికాలు, వెనక ఒక దీపం ఉండేవి. వాటిని వంచడం అసాధ్యం. కొత్త రకం ఓఎల్ఈడీ తెరలో ప్రతి చుక్కా తానే వెలుగుతుంది కనుక వెనక దీపం అక్కరలేదు, పలుచని ప్లాస్టిక్ పొర మీద దాన్ని పరచవచ్చు. దాని పైన గాజు వేస్తారు. 2020లో వచ్చిన ఒక మడత ఫోనులో ఆ గాజు మందం 30 మైక్రాన్లు, అంటే మన తల వెంట్రుక కంటే పలుచన. దాని పైన మళ్లీ ఒక ప్లాస్టిక్ పొర. 2019 ఏప్రిల్‌లో శాంసంగ్ మొదటి ఫోల్డ్ ఫోన్లను పరీక్షించి చూడమని విలేకరులకు ఇస్తే, కొందరు ఆ పైపొరను కొత్త ఫోనుకు అంటించి వచ్చే కాగితం అనుకుని ఒలిచేశారు, తెరలు పాడయ్యాయి. విడుదల సెప్టెంబరుకు వాయిదా పడింది. ఆ తప్పు చేసినవారు రోజూ ఫోన్లతోనే బతికేవారు. మన ఇళ్లలో మనవడి చేతికిస్తే ఏమవుతుందో ఆలోచించండి.

మడత మీద గీత గురించి కూడా చాలామంది అడుగుతారు. మీ అరచేతిని ఒకసారి చూసుకోండి. వేళ్లు మడిచే చోట చర్మం మీద గీతలున్నాయి. ఏ పొరనైనా పదేపదే వంచితే లోపలి వైపు కుంగుతుంది, వెలుపలి వైపు సాగుతుంది, అక్కడ గీత పడుతుంది. అరచేతి చర్మం తనను తాను కొత్తగా చేసుకుంటుంది, తెర చేసుకోలేదు. ఇక కీలు సంగతి. కంపెనీలు రెండు లక్షల సార్లు మడిచినా చెక్కుచెదరదని పరీక్షించి చెప్పాయి. రోజుకు వంద సార్ల చొప్పున అది అయిదున్నరేళ్లు. ఈమధ్య వచ్చిన వాటికి అయిదు లక్షలు అంటున్నారు. నేను ఆ లెక్కను నమ్ముతాను. కానీ ప్రయోగశాలలో మడిచే యంత్రానికి చెమట పట్టదు, దాని జేబులో వేరుశనగ పొట్టు ఉండదు. నలభై ఏళ్లు మోకాళ్లు చూసినవాణ్ణి. ఒంట్లో కదిలే కీలు ఎక్కడుంటే మొదటి ఫిర్యాదు అక్కడి నుంచే వస్తుంది.

మన ప్రాంతపు దుమ్ము గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఫోన్ల మీద ఐపీ అని రెండు అంకెలు రాస్తారు. మొదటిది దుమ్ముకు, రెండోది నీటికి. 2021లో ఒక మడత ఫోనుకు ఐపీఎక్స్8 అని వచ్చింది. నీటిలో పడినా తట్టుకుంటుందని సంబరపడ్డారు, నిజమే. కానీ ఎక్స్ అంటే దుమ్ము విషయం చెప్పలేదని అర్థం. 2024లో వచ్చిన వాటికి 48 అన్నారు. ఆ 4 అంటే ఒక మిల్లీమీటరు కంటే పెద్ద రేణువులను ఆపుతుందని. కరీంనగర్ చుట్టూ గ్రానైటు క్వారీలు, కోత యంత్రాలు. ఆ పొడి పిండి కంటే మెత్తగా ఉంటుంది. మంచిర్యాల, గోదావరిఖని వైపు బొగ్గు ధూళి, ఆదిలాబాదులో పత్తి ఏరే కాలంలో గాలిలో నూగు. మిల్లీమీటరు కంటే పెద్ద రేణువు మన ఊపిరితిత్తుల్లోకీ పోదు. ప్రమాదమంతా దానికంటే చిన్న వాటితోనే అని ఈ పేజీలో ఎన్నోసార్లు రాశాను. ఫోనుకూ అంతే. 2025లో గూగుల్ తెచ్చిన పిక్సెల్ 10 ప్రో ఫోల్డ్‌కు 68 వచ్చింది. అంటే దుమ్మును పూర్తిగా ఆపగలది ఇప్పటికి వచ్చిందన్నమాట.

నా ఫోను విషయానికి వస్తే, ఎనిమిదో నెలలో మడత మీది పొర బుడగలా లేచింది. ఇక్కడి దుకాణంలో ముట్టుకోలేదు, హైదరాబాదు పంపాలన్నారు. అమెరికాలో కొన్నది కనుక ఇక్కడ హామీ వర్తించదన్నారు. పొర మార్చి తిరిగి రావడానికి పన్నెండు రోజులు పట్టింది. లోపలి తెరే పోతే ఎంత అవుతుందని అడిగాను. వారు చెప్పిన మొత్తం నా నెల పింఛనులో సగం దాటింది. రక్తపోటు మాత్ర వేసుకున్న తర్వాత అడిగి మంచిపని చేశాననుకున్నాను.

వైద్యుడిగా నేను మడతకు వ్యతిరేకిని కాను. మడత వల్ల ఎంత మేలు జరుగుతుందో నా కుడికన్నే సాక్ష్యం. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ మొదటిసారి కంటిలో కృత్రిమ కటకం అమర్చినప్పుడు అది గట్టి ప్లాస్టిక్ బిళ్ల. అటువంటిది లోపలికి పోవాలంటే కంటికి ఆరు మిల్లీమీటర్లో, అంతకంటే ఎక్కువో కోత పెట్టాలి. మేము ఏజెన్సీలో కంటి శిబిరాలు పెట్టిన రోజుల్లో ఆ కటకం కూడా అందరికీ దొరికేది కాదు. శుక్లం తీసేసి సోడాబుడ్డి అద్దాలు ఇచ్చి పంపేవాళ్లం. తర్వాత మడతపడే కటకాలు వచ్చాయి. చుట్టి, మూడు మిల్లీమీటర్ల లోపు కోతలోంచి పంపితే, కంటిలోపల విచ్చుకుంటుంది. కుట్లు అక్కరలేదు. నాకు ఉదయం ఆపరేషన్ చేశారు, మధ్యాహ్నానికి ఇంట్లో ఉన్నాను. అక్కడ మడత లేకపోతే ఆ పని లేదు. పైగా ఆ కటకం జన్మలో ఒక్కసారే విచ్చుకుంటుంది, తర్వాత ఎవరూ దాన్ని మడవరు. ఫోను అలా కాదు, రోజుకు వంద సార్లు.

మన సిరిసిల్లలో నల్ల పరంధాములు గారు అగ్గిపెట్టెలో ఇమిడే చీర నేసి పేరు తెచ్చారు, ఆయన కుమారుడు విజయ్ ఆ విద్యను నిలబెట్టారు. ఆ చీర చేనేత నేర్పుకు గీటురాయి. రోజూ కట్టుకోవడానికి మాత్రం అదే సిరిసిల్లలో వేరే చీరలు నేస్తారు.

ఇప్పుడు మీరు తప్పక చదవవలసిన భాగానికి వస్తున్నాను. కట్ట మీద నాతో నడిచే మిత్రుడొకాయన నా ఫోను చూసి ముచ్చటపడి, తానూ మడత ఫోను కొన్నారు. ఆయనది చిన్న రకం, పర్సులా మడిస్తే అరచేతిలో ఇమిడేది. ఒకరోజు దాన్ని చొక్కా ఎడమ జేబులోంచి తీశారు. నా గుండె ఝల్లుమంది, ఎందుకంటే ఆయనకు మూడేళ్ల క్రితం పేస్‌మేకర్ పెట్టారు. మడత ఫోను రెండు సగాలు గట్టిగా మూసుకుని ఉండడానికి లోపల అయస్కాంతాలు ఉంటాయి. పేస్‌మేకర్‌ను సాధారణంగా ఎడమ కాలరుబొక్క కింద చర్మం లోపల అమరుస్తారు. చొక్కా జేబుకూ దానికీ మధ్య దూరం జానెడు కూడా ఉండదు. పేస్‌మేకర్‌లో అయస్కాంతాన్ని గుర్తించే ఏర్పాటు కావాలనే పెడతారు. శస్త్రచికిత్స సమయంలో వైద్యులు అయస్కాంతం పెట్టి, గుండె స్వంత స్పందనతో నిమిత్తం లేకుండా ఒకే వేగంతో నడిచేలా మారుస్తారు. అదే పనిని జేబులోని ఫోను తెలియక చేయవచ్చు. ప్రాణాంతక లయలను విద్యుదాఘాతంతో సరిచేసే ఐసీడీ అనే పరికరం ఉన్నవారిలో, అయస్కాంతం దగ్గరుంటే ఆ ఆఘాతం ఇవ్వడమే ఆగిపోవచ్చు.

ఇది ఊహ కాదు. 2021 జనవరిలో అమెరికాలోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి వైద్యులు, అయస్కాంతాలున్న ఒక కొత్త ఐఫోనును రోగి ఛాతీ మీద ఐసీడీ దగ్గరికి తెస్తే అది పనిచేయడం ఆపిందని వైద్య పత్రికలో ప్రచురించారు. అదే ఏడాది మే నెలలో అమెరికా ప్రభుత్వపు ఎఫ్‌డీఏ సంస్థ, ఇటువంటి పరికరాలు ఉన్నవారు ఫోన్లను, స్మార్ట్ వాచీలను వాటికి ఆరు అంగుళాలు, అంటే 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలని సూచించింది. ఫోను దూరం జరిపితే పరికరం తిరిగి మామూలుగా పనిచేస్తుంది, కనుక భయపడవలసింది లేదు. చేయవలసినది చాలా సులువు. పేస్‌మేకర్ ఉంటే ఫోను ప్యాంటు జేబులోనో సంచిలోనో ఉండాలి. ఎడమ వైపు పరికరం ఉంటే కుడి చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడాలి. ఛాతీ మీద ఫోను పెట్టుకుని నిద్రపోరాదు. టవర్ సర్కిల్ దుకాణాల్లో వంద, రెండు వందలకు అమ్మే అయస్కాంతపు మూత ఉన్న పర్సు కవర్లకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. వాటి సంగతి ఎవరూ హెచ్చరించరు. మా మిత్రుడికి ఆ మాట దుకాణంలో ఎవరూ చెప్పలేదు. వాడుక పుస్తకంలో ఉంది, కానీ ఆ అక్షరాలు చదవాలంటే మడత విప్పిన తెర కావాలి!

కళ్లకు మంచిదేనా అన్న ప్రశ్నకు జవాబు చిన్నదే. తెర మడతపడినంత మాత్రాన కంటికి మేలూ లేదు, కీడూ లేదు. అక్షరం పెద్దదయితే ఫోనును కాస్త దూరంగా పట్టుకోగలం, మెడ తక్కువ వంచుతాం. కానీ నా ఫోను వంటింటి త్రాసులో పావుకిలో తూగింది. ఒంటి చేత్తో అరగంట పట్టుకుని చదివితే బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర నొప్పి మొదలవుతుంది. ఆ నొప్పితో వచ్చేవాళ్లలో ఒకప్పుడు పసిపిల్లలను ఎత్తుకునే తల్లులే ఎక్కువ. ఇప్పుడు నేనూ చేరాను. 2025లో వచ్చిన ఒక రకం 215 గ్రాములకు దిగింది, మామూలు పెద్ద ఫోనుతో సమానం. ధర మాత్రం దిగలేదు. మనదేశంలో 2019లో మొదటి శాంసంగ్ ఫోల్డ్ 1,64,999 రూపాయలు, 2025లో ఏడోది 1,74,999.

ఆ ధరలో పదో వంతుకు ఎనిమిది, పది అంగుళాల ట్యాబ్లెట్ వస్తుంది. మడత లేదు, గీత లేదు, అక్షరం ఇంకా పెద్దది. దానికి ఉన్న ఒకే లోపం, జేబులో పట్టదు. మడత ఫోనుకు మనం ఇచ్చే లక్షన్నర అంతా ఆ జేబు ఖరీదే. ఉట్నూరులో నేను గూడేల వెంట తిరిగిన వయసులో ఉంటే ఆ ఖరీదుకు విలువ ఉండేది. ఇప్పుడు నా కుర్చీకీ, ట్యాబ్లెట్ ఉన్న బల్లకూ మధ్య పది అడుగులు.

అందుకే పోయిన నెలలో ఒక పని చేశాను. ఆ యువ వైద్యురాలు కరీంనగర్ వచ్చినప్పుడు ఫోను ఆమె చేతిలో పెట్టి, "నాకంటే నీకు ఎక్కువ పనికొస్తుంది, తీసుకో" అన్నాను. ఆమె విప్పింది, మూసింది, మళ్లీ విప్పింది. తర్వాత నవ్వి, "వద్దు సార్. నేను బండి మీద తిరుగుతా. జేబులో దూది, గ్లౌజులు, సిరంజి మూతలు, మట్టి. వారానికొకసారి కింద పడేస్తా. నా ఫోను మూడేళ్లలో రెండు సార్లు పగిలింది, రెండు సార్లూ జైనూరులోనే బాగుచేయించిన" అంది. ఈసీజీ మాటేమిటి అంటే, ఆరోగ్య కేంద్రంలో ట్యాబ్ ఉందనీ, ఇకపై పన్నెండు లీడ్ల ఫొటోతో పాటు అనుమానమున్న లీడ్లను దగ్గరగా తీసి విడిగా పంపుతాననీ చెప్పింది. ఆ ఆలోచన నాకు రెండేళ్లుగా రాలేదు.

ఇప్పుడు ఆ ఫోను మా వంటింట్లో ఉంటోంది. సగం విప్పి గట్టు మీద పెడితే ఏ ఆసరా లేకుండా నిలబడుతుంది. మా ఆవిడకు వేళ్ల కీళ్లవాతం. పట్టుకుని మాట్లాడడం కష్టం. డాలస్‌లోని మనవరాలితో వీడియోలో మాట్లాడుతూ రెండు చేతులా చిక్కుడుకాయలు వలుస్తోంది. వంద రూపాయల స్టాండు పెడితే మామూలు ఫోనూ అలాగే నిలబడుతుంది కదా అన్నాను. "ఆ వంద రూపాయల స్టాండు ఇన్నేళ్లలో ఒక్కసారన్నా తెచ్చిండ్రా?" అని అడిగింది.